ఎండ, నీడ, ఎముక



తాండూరు బండ పఱవని యిల్లు మన ప్రాంతమున అరుదు. ఆ బండను గనులనుండి తీయు కూలివారు తలకు రుమాలు చుట్టుకొని, వీపును ఎండ కప్పగించి, ప్రొద్దు పొడిచినది మొదలు సుత్తియు గునపమును చేతబట్టి పనిచేయుచుందురు. వారు తీసిన బండ పఱచిన యింటిలో, చల్లని నడిమి గదిలో, మంచముపై నొక ముసలమ్మ కూర్చుండియుండును. ఆమెకు నడుము నొప్పి, పిక్కల నొప్పి. లేచి నిలుచుటకు గోడ యూత కావలెను. ఆ బండ సున్నపురాయి. దాని నిండ సున్నపు ధాతువే. ఆ ధాతువే ముసలమ్మ యెముకలలో తఱిగిపోవుచున్నది. బయట ఎండకు కొదువ లేదు. లోపల ఆ ఎండకు ప్రవేశము లేదు. ఈ రెంటికిని సంబంధ మున్నదని నిరూపించుటకు లోకమునకు దాదాపు మూడువందల యేండ్లు పట్టినది. ఆ చరిత్రను, అందు మన తెలుగుదేశమునకు గల పాలును, నేడు మనవిచేసెదను.

నేను వైద్యుడను గాను. బాల్యమున అమరమును, కొంత జ్యౌతిషమును చదివి, పిమ్మట బడిపంతులనై ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పినవాడను. ఈ విషయము నాకు మొదట పుస్తకములవలన గాక యింటివలన తెలిసినది. నాలుగేండ్ల క్రిందట మా అక్కయ్య, డెబ్బది రెండేండ్ల వయస్సున, గడప దాటబోయి పడి తుంటి యెముక విఱుగగొట్టుకొన్నది. ఎత్తునుండి పడలేదు, పరుగెత్తి పడలేదు, నిలుచున్న చోటనే జాఱి పడినది. వైద్యులు రక్తము పరీక్షింపించి, "ఈమెకు డి విటమిను మిక్కిలి తక్కువగా నున్నది. ఎముక యింత సులువుగా విఱుగుటకు గల కారణములలో నిది యొకటి. ఈమె ఎండలో తిరుగుట లేదా?" యని యడిగిరి. నాకు నవ్వు వచ్చినది. వికారాబాదులో ఎండకు కఱవా! తరువాత ఇంటికి వచ్చి లెక్క వేసికొనగా నవ్వు పోయినది. బావగారు గతించిన పిమ్మట ఎనిమిదేండ్లుగా ఆమె పగటిపూట పెరటిలోనికి వచ్చినది కూడ అరుదే. నీళ్లు కుళాయిగా ఇంటిలోనికే వచ్చినవి. పిండి మరనుండి వచ్చినది. వడియములు అంగడినుండి వచ్చినవి. ఆమె బయటికి రాబోయినప్పుడెల్ల "ఎండలోనికి వద్దు, మేమున్నాము గదా" యని మేమే అనుచుంటిమి. మా ఆదరమే ఆమెను నీడపట్టున కూర్చుండబెట్టినది.

మన పూర్వులు సూర్యుని ఆరోగ్యదాతగా కొలిచిరి. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానము చేయుటయు, శ్రీకాకుళము చెంత అరసవల్లిలో ఆదిత్యుని సేవించుటయు, మయూరకవి సూర్యశతకము రచించి వ్యాధినుండి విముక్తుడయ్యెనను ప్రతీతియు మన మెఱిగినవే. అయినను పూర్వులకు డి విటమిను తెలియునని చెప్పుట నాకు సమ్మతము కాదు. భక్తి వేఱు, కార్యకారణ నిరూపణము వేఱు. వారు ఫలమును చూచి నమస్కరించిరి. మార్గమును చూపుట తరువాతివారి పని యయ్యెను. ఆ పని ఎండ మెండుగా గల దేశమున గాక, ఎండ కఱవైన దేశమున మొదలయ్యెను. ఇందు వింత లేదు. నీటి విలువ ఎండిన బావికడనే గదా తెలియునది!

17వ శతాబ్దమున ఇంగ్లండు దేశములో పసిపిల్లలకు ఒక వ్యాధి ప్రబలెను. కాళ్లు విల్లువలె వంగును, మణికట్లు ఉబ్బును, ఱొమ్ము ముందునకు పొడుచుకొని వచ్చును, నడచు ఈడు వచ్చినను పిల్లవాడు నిలువలేడు. దీనికి రికెట్సు అని పేరు. 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అను వైద్యుడు దీనినిగూర్చి లాటిను భాషలో ఒక గ్రంథమే వ్రాసెను. లక్షణములను చక్కగా వర్ణించెను గాని కారణము నెఱుగలేకపోయెను. తరువాత యంత్రశాలలు వెలసి, బొగ్గుపొగ ఆకాశమును కప్పి, ఇరుకు సందులలో జనము క్రిక్కిఱిసినకొలది ఆ వ్యాధి ఐరోపా నగరములన్నిటను వ్యాపించెను.

1822లో యెండ్జే స్న్యాదెట్స్కీ అను పోలండు దేశపు వైద్యుడు, వార్సా నగరములోని పిల్లలకు ఈ వ్యాధి విశేషముగా నుండుటయు, చుట్టుపట్ల పల్లెల పిల్లలకు లేకుండుటయు గమనించి, పిల్లలను బయట ఎండలో నుంచుటయే మందని వ్రాసెను. ఆ మాటను నాడెవ్వరును చెవిని బెట్టలేదు. 1890లో థియొబాల్డ్ పామ్ అను నింకొక వైద్యుడు, జపాను దేశమున మతబోధకుడుగా నుండి వచ్చినవాడు, వివిధ దేశములలోని తన తోడి బోధకులకు జాబులు వ్రాసి సమాచారము తెప్పించుకొనెను. ఎండ గల దేశములలో పిల్లలు బీదలైనను, మురికిలో నున్నను, వారి కాళ్లు వంకర పోవుట లేదనియు, బ్రిటనులో తిండి బట్టలకు లోటు లేని పిల్లలకు సైతము ఆ వ్యాధి వచ్చుచున్నదనియు అతడు తేల్చెను. ఎండయే మందన్న మాట రెండవసారి పలుకబడెను. రెండవసారియు లోకము వినలేదు.

20వ శతాబ్దము వచ్చుసరికి పండితులు రెండు పక్షములైరి. ఆహారలోపమే కారణమని యొక పక్షము. ఎండ లేకుండుటయే కారణమని రెండవ పక్షము. మన శాస్త్రములలో పూర్వపక్ష సిద్ధాంతముల వాదమువంటిదే యిదియు. ఆహారపక్షమునకు బలము చేకూర్చినవాడు లండనులోని ఎడ్వర్డ్ మెలన్‌బీ. అతడు 1919 ప్రాంతమున కుక్కపిల్లలకు ఓట్లు అను ధాన్యపు జావ మొదలగునవి పెట్టి పెంచి, వానికి రికెట్సు కలిగించెను. పిమ్మట కాడ్ అను చేప కాలేయమునుండి తీసిన నూనె యిచ్చి నయము చేసెను. ఆహారపక్షము గెలిచినట్లే తోచెను. కాని అతడా కుక్కపిల్లలను ఎండ తగులని చోటనే పెంచెను. అది తన పరీక్షలో నొక భాగమని అతనికి తోచలేదు. 1922లో అమెరికాలో మెక్కాలమ్ అను పండితుడు ఆ చేపనూనెలో గాలి యూది కాచి, అందలి ఎ విటమినును నశింపజేసి, అప్పటికిని ఆ నూనె రికెట్సును మాన్పుటను చూపెను. కనుక అందు వేఱొక వస్తువున్నది. ఎ, బి, సి అను పేళ్లు అంతకు మునుపే వేఱు విటమినులకు పెట్టబడియుండుటచే దీనికి డి అని పేరు వచ్చినది.

రెండవ పక్షమున బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడుండెను. 1919లో అతడు రికెట్సు పట్టిన పిల్లలను పాదరసపు దీపమునుండి వెలువడు అతినీలలోహిత కిరణములలో కూర్చుండబెట్టి, వారి యెముకలు గట్టిపడుటను ఎక్స్‌రే చిత్రములలో చూపెను. అతడు చేసిన యొక పరీక్ష మిక్కిలి చక్కనిది. ఒక పిల్లవాని ఒక చేతిమీదనే కిరణములు పడనిచ్చెను. కొన్నాళ్లకు చూడగా రెండవ చేతి యెముకయు బాగుపడియుండెను! కిరణము తగిలిన చోటనే గుణము కనిపించిన, అది కాపడమువంటిదని యనుకొనవచ్చును. తగులని చోటను గుణము కనిపించినది కనుక, కిరణము చర్మమున నేదో యొక వస్తువును పుట్టించినదనియు, ఆ వస్తువు రక్తములో కలిసి శరీరమంతట సంచరించినదనియు ఊహింపవలసివచ్చెను. 1921లో న్యూయార్కులో ఆల్ఫ్రెడ్ హెస్ అనునతడు దీపముతో పని లేకుండ వట్టి సూర్యరశ్మితోనే పిల్లలకు నయము చేసెను.

ఆ కాలముననే, మొదటి ప్రపంచయుద్ధానంతరము కఱవుతో క్రుంగియున్న వియన్నా నగరమునకు హారియెట్ చిక్ అను ఆంగ్ల విదుషీమణి వెళ్లి, అచటి పిల్లల వైద్యశాలలో రెండు పక్షములను ఒకే చోట పరీక్షించెను. కొందఱు పిల్లలకు చేపనూనె, మఱికొందఱికి ఎండ. ఇరువురును బాగుపడిరి. రెండు పక్షములును నిజమే యని తేలెను. రెండును నిజమెట్లు కాగలవు? ఈ చిక్కును 1924లో అమెరికాలోని విస్కాన్సిను విశ్వవిద్యాలయమున హారీ స్టీన్‌బాక్ విప్పెను. హెస్ కూడ ఇంచుమించు అప్పుడే విప్పెను. వారు ఎలుకలకు గాక ఎలుకలు తిను ఆహారమునకు కిరణములు తగులనిచ్చిరి. అంతకు మునుపు పనిచేయని ఆహారము అప్పుడు మందైనది. అనగా కొవ్వుజాతికి చెందిన ఒక పదార్థము చర్మములోను, ఆహారములోను నిద్రించుచుండును. కిరణము దానిని మేల్కొల్పును. జర్మనీలోని గొటింగెన్ నగరమున అడాల్ఫ్ విండౌస్ ఆ జాతి పదార్థముల స్వరూపమును విడదీసి చూపి 1928లో నోబెల్ బహుమానము నందెను. 1930ల నడుమ చర్మములోని యా పదార్థ మేదియో తెలిసినది. దాని పేరు 7-డీహైడ్రోకొలెస్టరాల్. పేరు నోరు తిరుగనిది గాని, పని మనలో ప్రతివాని చర్మమునందును జరుగునదే.

ఆ పని యెట్లు జరుగునో కొంచెము వివరించెదను. సూర్యకాంతిలో మన కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కలవు. వానిలో 290 మొదలు 315 నానోమీటర్ల వఱకు గల భాగము మాత్రమే యీ పనికి తగినది. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. ఆ కిరణము చర్మముపై పడగానే ఆ పదార్థపు అణువులోని ఒక కట్టు తెగును. తెగిన యణువు శరీరపు వెచ్చదనముచేత కొన్ని గంటలలో మెల్లగా రూపు మార్చుకొని డి విటమిను అగును. అది రక్తములో కలిసి మొదట కాలేయమునకు పోయి యొక మార్పును, పిదప మూత్రపిండములకు పోయి రెండవ మార్పును పొందును. కాలేయములోని మార్పు 1968లోను, మూత్రపిండములలోని మార్పు 1970లోను తెలిసినవి. ఇట్లు సంస్కారము పొందిన విటమిను ప్రేవులకు ఆజ్ఞ యిచ్చిన గాని, మనము తిన్న ఆహారములోని కాల్షియము, అనగా నా సున్నపు ధాతువు, చాలినంతగా రక్తములోనికి రాదు. తాళపుచెవి లేని గాదె యెదుట నిలిచిన యాకలిగొన్నవాని స్థితి యెముకలది యగును. పిల్లల యెముకలు వంగును. పెద్దల యెముకలు మెత్తబడి నొప్పి పుట్టును. కండలు బలహీనమై నడక తూలును.

ఇంకొక విశేషము. ఎండలో ఎంతసేపున్నను ఈ విటమిను మితిమీఱదు. అధికమైన కిరణములు తామే పుట్టించిన పదార్థమును తామే నిరుపయోగములైన వేఱు రూపములుగా మార్చివేయును. దీనిని 1980 ప్రాంతమున అమెరికాలో మైకేల్ హోలిక్ మొదలగువారు నిరూపించిరి. కావుననే ఎండవలన డి విటమిను విషము కాదు. సూదిమందుల విషయ మట్లు కాదు. అవి మితిమీఱినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును. ఊరూర నొప్పులకని వైద్యుని యడుగకయే సూదులు పొడిపించుకొను పెద్దలు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఇక మన ప్రాంతమునకు వత్తము. వికారాబాదుపై నున్న అనంతగిరి కొండ అనంతపద్మనాభస్వామి సన్నిధానము, మూసీనది పుట్టినిల్లు. దానికి మఱియొక ప్రసిద్ధియు కలదు. నిజాముల కాలమున క్షయరోగుల కొఱకు అచట చికిత్సాలయము నెలకొల్పిరి. కొండగాలి, వెలుతురు, విశ్రాంతి – ఇవియే నాటి మందులు. రాయలసీమలో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో తెఱచిన క్షయ చికిత్సాలయమును అట్టిదే. దానికి చిరకాలము పెద్దగా నున్న ఫ్రిమోట్ మోలర్ డెన్మార్కు దేశపువాడు. కాంతికిరణములతో చర్మక్షయను మాన్పి 1903లో నోబెల్ బహుమానము నందిన నీల్స్ ఫిన్‌సెన్ చదివి పనిచేసినదియు ఆ దేశముననే. స్విట్జర్లాండు కొండలలో రోలియే అను వైద్యుడు ఎముకల క్షయకు ఎండస్నానము చేయించి పేరు గాంచెను.

అయితే సత్యమును దాచరాదు. ఊపిరితిత్తుల క్షయను ఎండ మాన్పలేదు. దానిని జయించినవి 1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసినును, దాని వెనుక వచ్చిన మందులును. 1956లో మద్రాసున స్థాపించిన క్షయ పరిశోధన కేంద్రము, చికిత్సాలయములో నుంచిన రోగులును, ఇంటనే యుండి మందులు మ్రింగిన రోగులును సమానముగానే బాగుపడుచున్నారని 1959లో ప్రకటించెను. ఆ ప్రకటనతో కొండలపై చికిత్సాలయముల యుగము లోకమంతట ముగియ నారంభించినది. ఎండకు చెందని ఘనతను ఎండకు కట్టబెట్టిన, దానికి నిజముగా చెందిన ఘనతయు అనుమానము పాలగును. దాని ఘనత యెముకయందున్నది.

హిందూదేశమున ఈ విషయమును మొదట బయలుపఱచినవి స్త్రీల ప్రసవకష్టములు. కాశ్మీరములో వైద్యము చేసిన కాథ్‌లీన్ వాన్ అను దొరసాని 1928లో ఘోషాపద్ధతిని గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. నాలుగు గోడల నడుమ నుండు స్త్రీలకు కటిభాగపు టెముకలు మెత్తబడి వంగి, ప్రసవద్వార మిఱుకై, ప్రాణాపాయము కలుగుచుండ, పడవలపై ఎండలో బ్రదుకు బీద స్త్రీలు సుఖముగా కనుచున్నారని ఆమె చూపెను. ఇది యొక మతమువారికి తగిలిన నింద కాదు. మన యిండ్లలోను సంపద కలిగినకొలది ఆడువారిని నీడకు నెట్టుట గౌరవముగా నెంచినవారమే మనము. ధనము తెచ్చిన నీడ యెముకలకు దారిద్ర్యమును తెచ్చినది.

దక్షిణదేశమున ఎండ దండిగా నుండుటచే ఈ లోపము మన కుండదని వైద్యులు సైతము చాలకాలము నమ్మిరి. ఆ నమ్మకమును కదలించినది తిరుపతి. 21వ శతాబ్దపు తొలి సంవత్సరములలో శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సి. వి. హరినారాయణ్ గారు, వారి తోడివారు, తిరుపతి పట్టణమునను చుట్టుపట్ల పల్లెలలోను ఆరోగ్యముగా నున్న జనుల రక్తమును పరీక్షించిరి. పట్టణవాసులలో లోపము మెండు. ఎండలో పొలము పనిచేయు పల్లెవారి స్థితి వారికంటె మేలు. అయినను వారిలోను కొఱత కనిపించినది. ఆహారములో కాల్షియమును రెండు చోట్లను తక్కువే. వారే యింకొక పరీక్షయు చేసిరి. చర్మములోని ఆ పదార్థమును గాజు గొట్టములలో నుంచి తిరుపతి యెండలో పెట్టి, ఏ గంటకు ఎంత మారుచున్నదో కొలిచిరి. పగలు 11 గంటలకును 2 గంటలకును నడుమనే అది చక్కగా మారుచున్నదని తేలెను. ఉదయపు లేతయెండలో మార్పు స్వల్పము.

ఇచట నా జ్యౌతిషము నాకు తోడు వచ్చినది. పూర్వము మన గణకులు 12 అంగుళముల శంకువును సమతలమున నిలిపి, దాని నీడను కొలిచి కాలమును నిర్ణయించెడివారు. నీడ 12 అంగుళములైన సూర్యుడు ఆకాశమున సగమెత్తున, అనగా 45 భాగలపై నున్నాడని యర్థము. సూర్యుడు క్రిందుగా నున్నప్పుడు కిరణములు గాలిపొరను ఏటవాలుగా చాల దూరము దాటి రావలెను. విటమినును పుట్టించు కిరణములు ఆ దారిలోనే యడగిపోవును. కనుక నీడ శంకువుకంటె పొట్టిదైన వేళ ఎండ పనికి వచ్చును. పొడవైన వేళ పని మందగించును. శంకువు లేకున్న మన దేహమే శంకువు: మన నీడ మనకంటె పొట్టిగా నున్నదా, లేదా? ఇంతే లెక్క.

వికారాబాదును తాండూరును భూమధ్యరేఖకు ఉత్తరమున ఇంచుమించు 17 భాగల దూరమున నున్నవి. మే నెల రెండవ వారమునను, ఆగస్టు మొదటి వారమునను సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. నిలువుకొయ్య నీడ దాని మొదటనే యడగును. డిసెంబరు చివర సైతము మధ్యాహ్నపు శంకుచ్ఛాయ 10 అంగుళములకు కొంచెము పైగా మాత్రమే. లండనులో ఆ దినముననే మధ్యాహ్నచ్ఛాయ 44 అంగుళములు! గ్లిసన్ నాటి పిల్లల కాళ్లు వంగుటకు ఆ నీడయే సాక్షి. అందుకు తోడు బొగ్గుపొగ. కాని గర్వింపనక్కఱలేదు. డిసెంబరు చివర మన యూర ఉదయము 8 గంటలకు శంకువు నీడ ఇంచుమించు అంతే యుండును. మనము చలికాచుకొనుచు అరుగుపై కూర్చుండు ఆ లేతయెండ హాయి గొలుపును గాని, డి విటమిను విషయమున లండను చలికాలపు మధ్యాహ్నముతో సమానమే. ఆ దినములలో మన నీడ మనకంటె పొట్టిగా నుండునది సుమారు 11 గంటలనుండి ఒంటిగంటన్నర వఱకే. మే నెలలోనో, ఉదయము 9 గంటలకే నీడ పొట్టిదగును. కావున రోహిణికార్తె మధ్యాహ్నములలో వడదెబ్బ తినవలసిన పని యెంతమాత్రమును లేదు.

మఱి నాలుగు విషయములు. గాజు కిటికీగుండ వచ్చు ఎండకు ఈ గుణము లేదు. గాజు ఆ కిరణములను దాదాపు పూర్తిగ ఆపివేయును. నల్లని చర్మములోని వర్ణద్రవ్యము గొడుగువంటిది. కనుక తెల్లనివారికంటె మనకు హెచ్చు కాలము ఎండ కావలెను. వయస్సు మీఱినకొలది చర్మములోని ఆ పదార్థము తఱుగును. పడుచువానికంటె డెబ్బదేండ్లవాని చర్మము సగముకంటె తక్కువ విటమినును చేయునని పరీక్షలు చెప్పుచున్నవి. ముఖము మాత్రమే గాక చేతులును కాళ్లును ఎండకు తగులవలెను. ఇన్నిటిని కలిపి చూచిన, ఎండ యెవరికి హెచ్చుగా కావలెనో వారినే, అనగా ముసలివారినే, మనము నీడలో దాచుచున్నామని తేలును.

ఎండ యొక్కటియే చాలదు. తాళపుచెవి యున్నను గాదెలో ధాన్యముండవలెను గదా. మన జొన్నరొట్టెలో కాల్షియము స్వల్పము. రాగులలోనో, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు మించి కలదు. పాలు, పెరుగు, మజ్జిగ సరేసరి. చేపలు, గ్రుడ్డులోని పచ్చసొన తప్ప మన భోజనమున డి విటమిను గలవి అరుదు. శాకాహారులకు ఎండయే ముఖ్యాధారము. 2018లో కేంద్రప్రభుత్వము పాలలోను వంటనూనెలోను దీనిని చేర్చుటకు కొలతలు నిర్ణయించినది.

వంగిన యెముకలన్నియు ఎండ లేకుండుటచేతనే వంగినవని భ్రమింపరాదు. 1970లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు నల్లగొండ జిల్లాలో మోకాళ్లు లోనికి వంగిన పడుచువారిని పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు అందులకు మూలమని ప్రకటించిరి. వారు ఎండలో పనిచేయువారే. కనుక నొప్పి యున్నవాడు వైద్యుని చూడవలెను. రక్తమును నీటిని పరీక్షింపవలెను. ఎండను మందుగా గాక దినచర్యగా నెంచవలెను.

తాండూరు గనులలో పనిచేయువానికి ఈ ప్రసంగముతో పని లేదు. అతనికి కావలసినది నీడ, నీరు, విశ్రాంతి. పని ఇంటిలోని మనకున్నది. మన తల్లుల తరములో ఎండ యెవరును ప్రత్యేకముగ కోరినది కాదు. వడ్లు ఎండబోసినప్పుడు, అప్పడములు ఆరబెట్టినప్పుడు, నీళ్లకు పోయినప్పుడు, కలుపు తీసినప్పుడు అది తనంతట వచ్చినది. ఆ పనులు కష్టములే. అవి తొలగుట మంచిదే. కాని వానితోపాటు ఎండయు తొలగినదని మనము లెక్కలో వ్రాసికొనలేదు. కష్టమును తీసివేసి ఎండను నిలుపుకొనుట మన చేతిలోనున్నది.

మా అక్కయ్యకు వైద్యులు మందులిచ్చిరి. ఎముక అతుకుకొనుటకు చాల నెలలు పట్టినది. ఇప్పుడామె చేతికఱ్ఱతో పెరటిలోనికి వచ్చును. వేపచెట్టు నీడకు వెలుపల ఒక తాండూరు బండ వేయించితిని. నేను ముంగిట చిన్న శంకువు నొకదానిని పాతియుంచితిని. దాని నీడ గీత లోపలికి వచ్చినప్పుడు ఆమె యా బండపై చేతులు చాచి కొంతసేపు కూర్చుండి, చుఱుకు తగులగానే లేచి నీడకు వచ్చును. పిల్లలు గీతను చూచి "అమ్మమ్మా, వేళయైనది" అని పిలుతురు.

మీ యింటిలోను అట్టి పెద్ద యొకరుందురు. రేపు వారి మంచమునొద్దకు పోయి, వారు కడపట ఎండలో కూర్చున్న దినమేదియో యడుగుడు. వారు జ్ఞప్తికి తెచ్చుకొనలేకపోయినచో, చేయందించి వాకిటికి తీసికొనిరండు.